అరబ్బీ అక్షరాల లాప్‌టాప్

9 జూన్ 2008, సోమవారం

టైపు ఇన్‌స్టిట్యూట్ ఈరోజుతో మూతపడింది. ఆఖరి బ్యాచిలో మిగిలింది ముగ్గురే. వాళ్లకి ఫీజు వాపసు ఇచ్చేసి, ఓనరుగారి అబ్బాయి పదిహేడు మిషన్లనూ వ్యానెక్కించాడు. నాలుగు తెలుగువి, పదమూడు ఇంగ్లీషువి. తెలుగు మిషన్లలో ఒకదానికి షిఫ్టు కాస్త పట్టేస్తుంది, అప్పుడప్పుడు నూనె చుక్క వేయాలని వ్యాను డ్రైవరుకి చెప్పాను. పాత ఇనుముకి నూనె ఎందుకండీ అన్నాడతను.

నాకు పెద్దగా బాధేమీ లేదు. పద్దెనిమిదేళ్లు ఆ గదిలో నిలబడి పాఠం చెప్పాను. కాళ్లకి విశ్రాంతి.

ఇంటికొచ్చాక మా ఆయన ఏమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆయన బాగానే ఉన్నారు. మస్కట్‌లో మేడ మీద ఏసీ బిగిస్తూ పడిపోయి, ఇంటికొచ్చి నాలుగు నెలలైంది. కాల్లో రాడ్డు వేశారు. ఎముక అతుక్కుంది, కర్ర లేకుండా నడవచ్చని డాక్టరు చెప్పి నెల దాటింది. గేటు దాకా వెళ్లడం లేదు, అంతే. ఎండలు కదా.

10 జూన్

రాయడానికి ఏమీ లేదు.

12 జూన్

పొద్దున్న తొమ్మిదింటికి చీర మార్చుకుని, బ్యాగు తగిలించుకుని, గేటు తీశాక గుర్తొచ్చింది. వెనక్కి వస్తే బాగుండదని బజారుకి వెళ్లి అరకేజీ వంకాయలు కొనుక్కొచ్చాను. ఇంట్లో వంకాయలు ఉన్నాయి.

17 జూన్, మంగళవారం

ప్రెస్సు కొండలరావు గారు కబురు పెడితే వెళ్లాను. రాజోలులో పెళ్లి కార్డులన్నీ ఆయన దగ్గర అచ్చయ్యేవే. ఈసారి పెద్ద పని వచ్చిందట. శివకోడు అమ్మిరాజు మాస్టారు ముప్ఫై ఏళ్లుగా కోనసీమ మాటలు పోగుచేశారు. కొబ్బరి తోటల మాటలు, పడవల మాటలు, వంటింటి మాటలు, చేల మాటలు. చేతిరాతలో నాలుగు వందల పన్నెండు పేజీలు. అక్టోబరు పంతొమ్మిదిన ఆయనకి ఎనభై నిండుతాయి. ఆ రోజుకి పుస్తకం రావాలి.

అంత తెలుగు తప్పుల్లేకుండా కొట్టగలిగింది నేనేనని కొండలరావు గారే అన్నారు. అయితే ఒక చిక్కు ఉంది. ప్రెస్సులో ఉన్న రెండు కంప్యూటర్లూ కరెంటు పోయినప్పుడల్లా ఆరిపోతున్నాయి. రోజుకి నాలుగు గంటలు కోత. పైగా మాస్టారి ఎడమ కన్ను పూర్తిగా పోయింది, కుడి కన్ను నెమ్మదిగా పోతోంది. ప్రతి పేజీ తనే చదివి సరిచూసుకోవాలని ఆయన పట్టు. కాగితం మీద అక్షరం ఆయనకి కనపడదు. కంప్యూటరు తెర మీద పెద్దది చేసి చూపిస్తే కనపడుతుంది. ఆయన ప్రెస్సుకి రాలేరు.

“లాప్‌టాప్ ఉంటే పని మీదేనండి సీతారత్నంగారు. మాస్టారింటికి పట్టుకెళ్లి, ఆయన పక్కన కూచుని కొట్టాలి. జూలై ఒకటో తారీకులోగా మిషను చూసుకోండి. లేకపోతే రాజమండ్రి పంపించేస్తానండి, తప్పదు,” అన్నారు.

కొత్తది కొనే స్తోమత లేదు. సెకండ్ హ్యాండుదైతే చీటీ డబ్బుకి సరిపోతుంది. ఆ చీటీ ఇంకో పనికి అనుకున్నది. సరే.

21 జూన్, శనివారం

కొన్నాను.

అమలాపురంలో బస్టాండు దగ్గర మేడ మీద పెద్దిరాజు గారి షాపు. గల్ఫు నుంచి వచ్చేవాళ్లు తెచ్చినవీ, హైదరాబాదు ఆఫీసుల్లో తీసేసినవీ కొని అమ్ముతాడు. నల్లగా నిగనిగలాడుతోంది మిషను. నన్ను గుర్తుపట్టాడు. “మీరు టైపు మేడమ్ గారు కదండి. మీకు నేను చెప్పేదేముందండి,” అన్నాడు.

నిజమే. కీబోర్డు ముందు కూర్చుని ఒక్కో మీటా నొక్కి చూశాను. ఒక్కటి పట్టేయలేదు, ఒక్కటి వదులుగా లేదు. వెన్నలా దిగుతున్నాయి. పక్కనే నిలబడ్డ ఒకాయన బ్యాటరీ సంగతేమిటని ఇంకో మిషను గురించి అడుగుతున్నాడు, అంత చాదస్తం ఎందుకా అనుకున్నాను. కీబోర్డు చూస్తే మిషను జాతకం తెలిసిపోతుంది. పద్దెనిమిదేళ్ల అనుభవం ఊరికే పోదు.

ఏడు రోజుల్లో ఏదైనా తేడా వస్తే తీసుకురమ్మని చీటీ మీద రాసి సంతకం పెట్టాడు. మర్యాదస్తుడు.

ఆయన మంచం మీంచి ఒకసారి చూసి అటు తిరిగి పడుకున్నారు. నచ్చినట్టే ఉంది.

22 జూన్

కొండలరావు గారి దగ్గరికి వెళ్లి మొదటి ఇరవై పేజీలు తెచ్చుకున్నాను. మూడు పేజీలు అయ్యాయి. మీట మీద వేలు పడితే చాలు.

23 జూన్

మధ్యాహ్నం కరెంటు పోయింది. అదే క్షణంలో మిషనూ పోయింది. బ్యాటరీకి ఇంకా మన ఇల్లు అలవాటు కాలేదేమో.

24 జూన్

గంటా పది నిమిషాలు పనిచేసి ఆగిపోయింది. కరెంటు ఉంది. దానంతట అదే ఆగింది. ఒక పేజీ పోయింది, మళ్లీ కొట్టాను. గంటా పది నిమిషాలంటే తక్కువేం కాదు.

25 జూన్

నలభై నిమిషాలు. అడుగున చేయి పెడితే అట్లపెనంలా ఉంది. టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పి పెట్టాను. ఈ ఏడు ఎండలు ఎక్కువ.

26 జూన్, గురువారం

ఇరవై నిమిషాలు.

ఐదోసారి ఆన్ చేస్తుంటే, మంచం మీంచి ఆయన గొంతు వినపడింది.

“రత్నం, దాని ఫ్యాను తిరగట్లేదు.”

ఏదైనా అడిగితే ఊఁ అనడం తప్ప, ఆయనంతట ఆయన మాట్లాడి ఎన్నాళ్లయిందో. లేచి వచ్చారు. పక్కనున్న చిన్న జాలీ దగ్గర అరచేయి పెట్టి కళ్లు మూసుకున్నారు. పదకొండేళ్లు ఏసీలు బాగుచేసిన చేయి. వేడి బయటికి రావడం లేదు, లోపల్లోపలే తిరుగుతోంది, ఇలా వాడితే వారంలో మాడిపోతుందన్నారు. ఎక్కడ కొన్నావు, ఏమేం చూసి కొన్నావు అని అడిగారు.

కీబోర్డు చూశానని చెప్పాను.

ఆయన వెళ్లి మళ్లీ మంచం మీద కూర్చున్నారు. తిట్టినా బాగుండేది. స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ఏడ్చాను. ఇన్‌స్టిట్యూట్ మూసిన రోజు ఏడవాల్సింది కూడా ఇప్పుడే ఏడ్చేశాను. రేపొక్క రోజు, ఎల్లుండి ఒక్క రోజు. ఏడు రోజులు అయిపోతాయి.

27 జూన్, శుక్రవారం

వాణి గుర్తొచ్చింది. నా దగ్గర ఇంగ్లీషు టైపు లోయరు, హయ్యరు పాసైన పిల్ల. ఇప్పుడు తాటిపాకలో సొంతంగా కంప్యూటరు రిపేరు షాపు పెట్టుకుని, అక్కడి గ్యాసు ఆఫీసుల పనులన్నీ చేస్తోంది. ఆటో ఎక్కి వెళ్లాను.

నన్ను చూడగానే లేచి నిలబడింది. మిషను చూసి నవ్వబోయి ఆపుకుంది. బోర్లా తిప్పి మరలు చూపించింది. గీతలు పడి ఉన్నాయి. ఇదివరకే ఎవరో విప్పారన్నమాట. విప్పి చూస్తే ఫ్యాను నిండా నూగు, రెక్క ఒకటి విరిగి ఉంది. బ్యాటరీ పేరుకే ఉంది. అడుగున చీటీ మీద ఉన్న నంబరూ, ఆన్ చేస్తే తెర మీద వచ్చే నంబరూ వేరు. లోపలి బోర్డు ఇంకో మిషనుది. కీబోర్డు ఒక్కటే కొత్తది.

“చూడకుండా కొనేసేరాండి టీచరుగారు?” అంది.

చూశానమ్మా, చూడాల్సింది చూడలేదని చెప్పాను.

అప్పుడు ఆ పిల్ల నాకు పాఠం చెప్పింది. స్టూలు మీద కూర్చుని నోట్సు రాసుకున్నాను. ముందు మిషను చల్లగా ఉందో లేదో చూడాలట. మనం వెళ్లేసరికే ఆన్ చేసి ఉంచితే ఆపించి, చల్లారాక మన కళ్లముందు మళ్లీ వేయించాలి. చార్జరు పీకేసి, తెర మీద చూపించే అంకె నమ్మకుండా గడియారం పట్టుకుని కూర్చోవాలి. తెర మీద తెల్ల కాగితం తెరిచి చుక్కలూ గీతలూ ఉన్నాయేమో వెతకాలి, తర్వాత నల్లది. మూత ముందుకీ వెనక్కీ ఆడించాలి, వెలుగు మినుకుమంటే లోపల తీగ తెగబోతున్నట్టు. చార్జరు పిన్ను కదిపినా చార్జింగు ఆగకూడదు. పెన్‌డ్రైవు ప్రతి రంధ్రంలోనూ పెట్టి చూడాలి. డిస్కు దగ్గర చెవి పెడితే టిక్కుటిక్కుమంటే వద్దు. ఆన్ చేయగానే తాళం, అంటే పాస్‌వర్డు, అడిగే మిషను అసలు వద్దు. అమ్మినవాడెవడో, వాడికి బిల్లు ఉందో లేదో అడగాలి, లేకపోతే ఎవరింట్లోంచి వచ్చిందో తెలియదు.

“కీబోర్డు ఆఖర్న చూడండి,” అంది. “పాడైతే మార్చడం తేలికండి అది.”

పద్దెనిమిదేళ్లు నేను మొదట నేర్పిందే ఆఖర్న చూడాలట.

వెళ్లి గొడవ పడొద్దని కూడా చెప్పింది. షాపులో నలుగురూ ఉన్నప్పుడు వెళ్లి, ఆయన ఎదురుగానే అన్నీ చేసి చూపించమంది. డబ్బు తీసుకోలేదు.

28 జూన్, శనివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే ఆయన చొక్కా వేసుకుంటున్నారు. ఎక్కడికని అడగలేదు. అడిగితే ఆగిపోతారేమోనని భయం. గేటు దాటి, వీధి చివరి దాకా నా పక్కనే నడిచారు. బస్సులో కాలు మడవలేక దారిలోకి చాపుకుని కూర్చుంటే ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాటుకుంటూ వెళ్లారు. ఆయన కిటికీలోంచి కాలవనే చూస్తున్నారు. వాడపల్లి రోడ్డు బాగుచేశారే అన్నారు ఒకసారి. అది వాడపల్లి రోడ్డు కాదు. అయినా ఆయ్ అన్నాను.

షాపులో ఐదారుగురు ఉన్నారు. కాలేజీలో చేరబోతున్న కూతుర్ని తీసుకుని ఒక తల్లీ తండ్రీ వచ్చారు. పెద్దిరాజు గారు కుర్చీలు వేయించారు, కాఫీ తెప్పించబోయారు. విషయం చెప్పాను. నవ్వు తగ్గలేదు.

“నేను అన్నీ చూసే ఇచ్చేనండి మేడమ్ గారు.”

“ఆయ్, మీరు చూసేరండి. నేనే చూడలేదు. ఇప్పుడు చూస్తాను,” అన్నాను.

కౌంటరు మీద పెట్టి ఆన్ చేశాను. తెర వెలిగాక చార్జరు పీకాను. చీకటి. కూతురితో వచ్చినాయన దగ్గరికి జరిగారు. మళ్లీ పెట్టి ఆన్ చేసి, తెర మీది నంబరు పైకి చదివాను. మిషను బోర్లా తిప్పి, అడుగున నంబరు చదవమని ఆ కాలేజీ పిల్లకి ఇచ్చాను. పిల్ల గట్టిగానే చదివింది. ఒక్క అంకె కలవలేదు. మా ఆయన కుర్చీలోంచి లేచి, పెద్దిరాజు గారి చేయి పట్టుకుని జాలీ దగ్గర పెట్టారు. వేడి తగులుతోందా, గాలి తగులుతోందా అని మెల్లగా అడిగారు. గాలి తగలడం లేదని పెద్దిరాజు గారే చెప్పాల్సి వచ్చింది.

అందరూ మిషను చుట్టూ చేరారు.

పెద్దిరాజు గారు మిషను మూత మూశారు. లాటులో వచ్చిన సరుకు, తనూ పైపైనే చూశానన్నారు. డబ్బు తిరిగివ్వడం షాపులో అలవాటు లేదు, ఆ ధరలో ఏది నచ్చితే అది తీసుకోమన్నారు. నిజంగా తనకి తెలియదో, తెలిసే ఇచ్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

సరే, అన్నీ ఆపించమన్నాను. చల్లారాలి. కాఫీ అప్పుడు తాగాం.

మొదటిదాని తెర మీద తెల్ల కాగితం తెరిస్తే, పక్కగా వెంట్రుక లాంటి గీత పైనుంచి కిందికి ఉంది. రెండోదాని మూత వంచితే వెలుగు తగ్గిపోతోంది. మూడోదాని పిన్ను చేత్తో ఒత్తి పట్టుకుంటే తప్ప చార్జింగు ఎక్కడం లేదు. నాలుగోది ఆన్ చేయగానే తాళం అడిగింది. తీయించేద్దామండి అన్నారు పెద్దిరాజు గారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండిపోయిందో వాళ్లకి తెలుసా అని అడిగాను. దాన్ని ఆయనే పక్కన పెట్టేశారు. ఐదోది అన్నింటికీ ఆగింది గానీ, బ్యాటరీ మా ఆయన గడియారంలో ఇరవై ఆరు నిమిషాలే వచ్చింది.

అప్పటికి రెండు దాటింది. అన్నం వేళ అయినా కూతురితో వచ్చినవాళ్లు కదల్లేదు. నేను నోట్సు మూసేయబోతుంటే, కింద అరలో కాగితాల కట్టల కింద ఇంకో మిషను అంచు కనపడింది.

అది ఎవరూ కొనరండి అన్నారు. సౌదీ దమ్మాములో ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి వచ్చిన అంతర్వేది వైపు మనిషి అమ్మాడట. బిల్లూ, అతని పాసుపోర్టు జిరాక్సూ ఉన్నాయి. మూత నిండా గీతలు. తెరిస్తే మీటల మీద ఇంగ్లీషు అక్షరాలు అరిగి తుడిచిపెట్టుకుపోయాయి. మూలల్లో చిన్న చిన్న అరబ్బీ అక్షరాలు మిగిలాయి. తొమ్మిది నెలలుగా ఎవరు తెరిచినా వెంటనే మూసేస్తున్నారట.

చల్లగా ఉంది. ఆన్ చేశాను. నంబర్లు కలిశాయి. మరల మీద ఒక్క గీత లేదు. తెల్ల కాగితం ఉతికి గంజి పెట్టిన పంచెలా ఉంది. మూత ఎటు వంచినా వెలుగు కదల్లేదు. పెన్‌డ్రైవు మూడు చోట్లా పట్టుకుంది. చెవి పెడితే సన్నటి గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. చార్జరు పీకి, గడియారం మా ఆయన చేతికిచ్చి కూర్చున్నాను. గంట అయింది. గంటన్నర అయింది. అందరూ దాని వంకే చూస్తున్నారు. గంటా యాభై ఐదు నిమిషాలకి గానీ ఆరలేదు. అది నడుస్తుండగానే ఆయన జాలీ దగ్గర చేయి పెట్టి కళ్లు మూసుకుని, “ఊపిరి బాగా తీస్తోంది,” అన్నారు.

“అన్నీ బాగున్నాయండి, కానీ అక్షరాలు కనపడవు కదండి మేడమ్ గారు. ఎలా కొడతారండి?” అన్నారు పెద్దిరాజు గారు.

కౌంటరు మీదున్న ఇంగ్లీషు పేపరు తీసుకున్నాను. చార్జరు మళ్లీ పెట్టి, పేపరు ఎడమ పక్కన మడిచి పెట్టుకుని మొదటి పేజీ వార్త కొట్టడం మొదలెట్టాను. మీటల వంక చూసింది వాళ్లు. నేను పేపరు చూస్తున్నాను. ఎనిమిది నిమిషాల్లో వార్త మొత్తం అయింది. పెద్దిరాజు గారు తెరనీ పేపరునీ పక్కపక్కన పెట్టి ఒక్కో లైనూ సరిచూశారు. చూసి, పేపరు మడిచి, “మీకోసమే పడుందండి ఇది ఇన్నాళ్లూ,” అన్నారు.

నా దగ్గర తీసుకున్న దాంట్లో మూడో వంతు తిరిగిచ్చేశారు. నేను అడగలేదు. సంచీ కూడా ఇచ్చారు.

మెట్లు దిగుతుంటే ఆ కాలేజీ పిల్ల తండ్రి వెనకాలే వచ్చి, మాకూ ఒకటి చూసి పెట్టండమ్మా అన్నారు. మళ్లీ మెట్లెక్కాం. ఐదోదే తీసుకోమన్నాను, బ్యాటరీ కొత్తది వేయించి ఇస్తేనే. పెద్దిరాజు గారు వేయించి ఇస్తానన్నారు.

తిరుగు బస్సులో ఆయనకి ఆకలేసింది. రెండు సమోసాలు తిన్నారు. ఇంకోటి కావాలన్నారు.

30 జూన్

కొండలరావు గారి టేబులు మీద మిషను పెట్టాను. మూత మీద గీతలు చూసి మొహం అదోలా పెట్టారు. తర్వాత నేను కొడుతుంటే చూశారు. వాణి నిన్ననే తన షాపు మిషనులోంచి తెలుగు అక్షరాలన్నీ దీంట్లోకి ఎక్కించింది. మిగతా చేతిరాత పేజీలన్నీ రెండు సంచుల్లో ఇచ్చి పంపారు.

8 జూలై

మాస్టారు చాలా కఠినం. నిన్నటి పద్నాలుగు పేజీల్లో తొమ్మిది తప్పులు పట్టారు. నాలుగు నావి, ఐదు ఆయనవే. కోడలి చేత చదివించుకుని వినొచ్చు కదండి అంటే, “చదివితే ఒత్తు తప్పు వినపడదమ్మా. కంటితోనే పట్టుకోవాలి,” అన్నారు.

24 జూలై

చిన్న కాలవకి బోదె, బండి దారికి పుంత, మెరక నేలకి గరువు, తర్వాత దింపు. ఈరోజు ‘దింపు’ దగ్గరే రెండు పేజీలు. చెట్టెక్కి కాయలు దించడానికి ఇన్ని మాటలున్నాయని కొబ్బరి చెట్ల కిందే పుట్టి పెరిగిన నాకు తెలియదు.

6 ఆగస్టు

కరెంటు పోయింది. మేం ఆగలేదు.

7 ఆగస్టు

మళ్లీ పోయింది. మాస్టారి కోడలు విసనకర్ర ఇచ్చింది. ఆగలేదు.

19 ఆగస్టు

నలుగురు వచ్చారు ఈ వారంలో. లాప్‌టాప్ కొనాలి, మీరొచ్చి చూడాలి అని. ఆ కాలేజీ పిల్ల తండ్రి ఊరంతా చెప్పినట్టున్నాడు. నాకు తీరిక లేదు. మా ఆయన వెళ్తానన్నారు. నా నోట్సు చదువుకుని, తెర సంగతీ తాళం సంగతీ రెండుసార్లు అడిగి తెలుసుకుని వెళ్లారు. ఒక్కరే. మలికిపురం.

సాయంత్రం వచ్చి, వద్దని చెప్పానన్నారు. ఆన్ చేస్తే ఎవరో ఆడమనిషి పేరొచ్చిందట, పిల్లల ఫొటోలు కూడా ఉన్నాయట. అమ్మేవాణ్ణి ఎవరని అడిగితే తడబడ్డాడట. ఆ పిల్లల ఫొటోలు ఎవరివో వాళ్లకి చేర్చే దారి చూడమని అక్కడి పెద్దమనిషి ఒకాయనకి చెప్పి వచ్చారు. ఇంత చెప్పడానికి పావుగంట పట్టింది. ఆయన ఇంతసేపు మాట్లాడతారని మర్చిపోయాను.

3 సెప్టెంబరు

మాస్టారికి చూపు ఇంకా తగ్గింది. అక్షరం ఇరవై నాలుగు నుంచి ముప్ఫై ఆరుకి పెంచాను.

11 సెప్టెంబరు

నలభై ఎనిమిది.

16 సెప్టెంబరు

డెబ్భై రెండు. తెర మీద లైనుకి మూడు మాటలు పడుతున్నాయి. ఆయన ముక్కు తెరకి ఆనించి చదువుతారు, నేను ఒక్కో లైనూ పైకి జరుపుతాను. ఇంకా అరవై పేజీలు ఉన్నాయి. కంటికి విశ్రాంతి ఇవ్వండి మాస్టారూ అంటే, తర్వాత దానికి విశ్రాంతే కదమ్మా అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నేను పొద్దున్న ఏడింటికే వెళ్తున్నాను. ఆ వేళ ఆయన కన్ను తేటగా ఉంటుంది.

27 సెప్టెంబరు, శనివారం

అయిపోయింది.

నాలుగు వందల పన్నెండో పేజీలో ఆఖరి మాట మాస్టారు తన కంటితోనే చదివారు. చదివి, తెర మీద అరచేయి ఆనించారు. తెర మీద ఆయన వేళ్ల గుర్తులు పడ్డాయి. నేను తుడవలేదు.

19 అక్టోబరు, ఆదివారం

గ్రంథాలయం హాల్లో పుస్తకావిష్కరణ. కుర్చీలు చాలక గుమ్మాల్లో నిలబడ్డారు. నన్ను స్టేజీ మీదికి రమ్మంటే రానన్నాను. ఈ అమ్మాయి రాకపోతే నేను కిందికి వస్తానన్నారు మాస్టారు. ఎక్కాను. మిషను నా ముందు పెట్టారు. మొదటి మాట పెద్ద అక్షరాల్లో చూపిస్తే ఆయన చదివి పుస్తకం తెరవాలని కొండలరావు గారి ఏర్పాటు. వాణి ముందు వరుసలో కూర్చుంది. మా ఆయన హాలు వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు, కుర్చీ ఇస్తున్నా తీసుకోకుండా.

మాస్టారు చదివారు. చప్పట్లు. పుస్తకాలు పంచారు. అంతా అయిపోయిందనుకుంటుండగా మధ్యలోంచి ఒక ముసలాయన లేచి, ‘చేటపెయ్య’ ఏదండి మాస్టారూ, నేను వెతికేను, కనపళ్లేదు అన్నాడు. దూడ చచ్చిపోతే గడ్డి కూరి గేదెకి చూపించే తోలుదూడ.

హాలు గొల్లుమంది. మాస్టారి మొహం చిన్నబోయిందేమోనని చూశాను. ఆయన నా భుజం తట్టారు. “రాయమ్మా. రెండో ముద్రణలో వేద్దాం.”

కొట్టాను. వెంటనే ఒకామె పొద్దు వాలే వేళకి ‘మునిమాపు’ అంది. ఇంకెవరో పొదుపుకి ‘ఒబ్బిడి’ అన్నారు. ఉంది, లేదు, ఉంది, లేదు అని మాస్టారు చెబుతున్నారు. ఉన్నవి ఏ పేజీయో కూడా చెబుతున్నారు. లేనివి నేను కొడుతున్నాను. అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు. ఒకరి మాట పూర్తయ్యేలోపు ఇంకొకరు అందుకుంటున్నారు. వీరవేణి అనే ఆవిడ అంతర్వేది నుంచి వచ్చి, వల మాటలే ఏడు చెప్పింది. నేను తెర చూడ్డం మానేశాను, మనుషుల్నే చూస్తున్నాను. పెదవి కదలగానే వేలు కదులుతోంది. ఏ మాటా జారిపోలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో ఇన్నేళ్లు నేర్పింది ఇందుకేనా అనిపించింది.

గంట గడిచాక మాటలు నెమ్మదించాయి. ఇంకెవరైనా అని మాస్టారు అడిగారు. ఎవరూ లేవలేదు.

అప్పుడు వెనక గోడ దగ్గర్నుంచి ఆయన చేయి ఎత్తారు.

“తెరిపి, అండి,” అన్నారు.

మాస్టారు పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. ఎనభై ఏళ్లు ఈ వానల్లో తడిసేను, ఈ మాట ఎలా వదిలేసేను అని ఆయనలో ఆయన అనుకున్నారు. తర్వాత తల ఎత్తి, మీరే అర్థం చెప్పండి బాబూ అన్నారు.

అందరూ వెనక్కి తిరిగారు. ఆయన గోడ వదిలి రెండడుగులు ముందుకి వచ్చారు.

“వాన ఆగిపోయిందనీ కాదండి, పడుతుందనీ కాదండి. మధ్యలో కాసేపు బయటికొచ్చి నడిచేంత ఖాళీ అండి.”

నేను ఆయన్నే చూస్తూ కొట్టాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు.